బియ్యం పంచే సంస్థలో పనిచేసేవారికి జీతం ఇవ్వవచ్చా?

గౌతమిగట్టు (కొత్తపేట) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. కొత్తపేట, రావులపాలెం పరిసర గ్రామాల్లో ఆధారం లేని కుటుంబాలకు నెలనెలా బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు అందించే ఒక చిన్న ఫుడ్ బ్యాంకు కమిటీలో నేను సభ్యుడిని. సార్వా, దాళ్వా నూర్పిళ్లు అయ్యాక రైతులు ఇచ్చే ధాన్యాన్ని మిల్లులో ఆడించి నిల్వ చేసుకుంటాము. మడికి గ్రామంలోని మార్కెట్టులో అమ్ముడుపోక మిగిలిన కూరగాయలను కొందరు వ్యాపారులు పంపిస్తారు. పెళ్లిళ్ల రోజుల్లో కల్యాణ మండపాల నుంచి వండిన పదార్థాలు కూడా వస్తాయి.

కమిటీలో ఉన్నవారిలో ఎక్కువమంది విశ్రాంత ఉపాధ్యాయులు, రైతులు. ఒక మిల్లు యజమాని కూడా ఉన్నారు. మేమెవ్వరమూ సంస్థ నుంచి ఒక్క రూపాయి తీసుకోము. అయితే రోజువారీ పని యావత్తూ నడిచేది మా వల్ల కాదు, స్టోరు చూసే ఒక మహిళ వల్ల, సరుకు చేరవేసే ఒక ఆటో డ్రైవరు వల్ల. బస్తాలు తూకం వేయించుకోవడం, బియ్యం జల్లించడం, సంచులు కట్టడం, రిజిస్టరు రాయడం, ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో తెలుసుకుని వారికి సరుకు ఇంటికే పంపడం, ఇవన్నీ ఆమె చేస్తున్నారు. ఆటో డ్రైవరుకు డీజిలు ఖర్చు ఇస్తున్నాము. ఆమెకు మాత్రం పండగకు చీర పెట్టడం తప్ప మరేమీ లేదు. ఆమె భర్త కొబ్బరి దింపు కార్మికుడు. చెట్టు మీద నుంచి పడి నడుము దెబ్బతినడంతో ఇప్పుడు పనికి వెళ్లలేకపోతున్నారు. ఈ పరిస్థితిలో ఆమె నెలకు కొంత మొత్తం ఇవ్వగలరా అని మమ్మల్ని అడిగారు.

దాతలు ఆకలి తీర్చడానికి ఇచ్చిన సొమ్ములో జీతాలు ఇస్తే మాట పడతామని, విరాళాలు ఆగిపోతాయని కమిటీలో సగంమంది అంటున్నారు. ఇవ్వకపోతే అన్యాయం చేసినవాళ్లమవుతామని నాతోపాటు మిగిలినవారి అభిప్రాయం. ఇటువంటి సంస్థలను నడుపుతున్నవారు ఈ విషయాన్ని ఎలా పరిష్కరించుకున్నారు? జీతం ఇస్తే లెక్కల్లో ఎలా చూపాలి? దాతలకు ఏమని చెప్పాలి? దయచేసి వివరంగా తెలియజేయగలరు.

పాతచిట్టా (భీమవరం)

గౌతమిగట్టు గారికి నమస్కారం. నేను చాలాకాలం సొసైటీల, ట్రస్టుల లెక్కలు చూసినవాడిని కనుక ఆ వైపు నుంచే చెబుతాను.

మొదటి సంగతి, జీతం ఇవ్వడానికి చట్టం అడ్డు రాదు. మన రాష్ట్రంలో సొసైటీలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కింద, కనీసం ఏడుగురు సభ్యులతో ఏర్పడతాయి. సంస్థలో మిగులును సభ్యులు పంచుకోకూడదు గాని, సంస్థ లక్ష్యం నెరవేరడానికి పనిచేసే మనిషికి ఇచ్చే వేతనం ఖర్చే అవుతుంది. బియ్యం కొనడం ఎలాగో, ఆ బియ్యానికి పురుగు పట్టకుండా చూసి సరైన ఇంటికి చేర్చే మనిషికి ఇవ్వడమూ అలాగే. కమిటీ సమావేశంలో ఆమె చేసే పని, పనివేళలు, వేతనం, ఏ తేదీ నుంచి అమలు అన్నవి తీర్మానంగా రాసి మినిట్సు పుస్తకంలో సంతకాలు చేయండి. డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకు ఖాతాలో వేయండి. దయచేసి దానికి "దారి ఖర్చులు" అనో "సహాయం" అనో పేరు పెట్టకండి. జీతమని రాస్తే ఆమెకూ గౌరవం, ఆడిటరుకూ స్పష్టత. రోజంతా చేసే పని అయితే కనీస వేతనానికి తగ్గకూడదు. అంత స్తోమతు లేకపోతే వేతనం తగ్గించడానికి బదులు పనిగంటలు తగ్గించండి.

రేపు కమిటీ సభ్యుల బంధువులలో ఎవరినైనా పనిలోకి తీసుకునే ఆలోచన వస్తే మాత్రం జాగ్రత్త. నిర్వాహకుల బంధువులకు పనికి మించిన ప్రతిఫలం ముడితే సంస్థకున్న ఆదాయపు పన్ను మినహాయింపుకే ముప్పు రావచ్చు. ఆ సభ్యుడు చర్చలో కూర్చోకుండా బయటికి వెళ్లడం కనీస మర్యాద. అసలు తీసుకోకపోవడమే ఉత్తమమని నా అభిప్రాయం.

ప్రావిడెంటు ఫండు చట్టం సాధారణంగా ఇరవై మంది, ఈఎస్ఐ పది మంది ఉద్యోగులు ఉన్నచోట వర్తిస్తాయి. మీవంటి చిన్న సంస్థలో పనిచేసే మనిషికి ఆ రెండు రక్షణలూ వాటంతట అవి దొరకవు. కాబట్టి ఆమె చేత, ఆటో డ్రైవరు చేత ప్రధానమంత్రి సురక్షా బీమాలో పేరు నమోదు చేయించండి. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల లోపువారు చేరవచ్చు. ఇద్దరినీ అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేయించండి.

ఇక దాతల సంగతి. జీతాల కోసం ప్రత్యేకంగా ఒక నిధి పెట్టి, ఆ నిధికే ఇవ్వమని కొందరిని నేరుగా అడగండి. మనుషుల పని విలువ తెలిసిన మిల్లు యజమానులు, ఆక్వా రైతులు, దుకాణదారులు ఆ మాటను మనం అనుకున్నదానికంటే బాగానే అర్థం చేసుకుంటారు. 2,000 రూపాయలు మించి నగదుగా ఇచ్చే విరాళానికి దాతకు 80జి కింద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు గనుక చెక్కుగానో ఆన్‌లైనులోనో తీసుకోవడం ఇద్దరికీ మేలు.

మన జిల్లాల్లో చాలామంది తడబడే చోటు మరొకటి ఉంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తూ భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి అబ్బాయి ఇచ్చేది మాత్రం, సెలవులకు వచ్చినప్పుడు రూపాయల్లో చేతిలో పెట్టినా సరే, విదేశీ విరాళమే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషను ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తరువాత అందులో నిర్వహణ ఖర్చులకు 20 శాతం పరిమితి కూడా ఉంది. ఆ రిజిస్ట్రేషను లేకుండా అటువంటి సొమ్ముతో జీతాలిస్తామని ఎవరికీ మాట ఇవ్వకండి.

చివరిగా, చవకగా వస్తున్నాయని రేషను బియ్యాన్ని ఎంత మంచి ఉద్దేశంతోనైనా కొనకండి. నిత్యావసర సరుకుల చట్టం కింద అది కేసు అవుతుంది. తనిఖీకి వచ్చిన అధికారులకు స్టోరులో కనిపించేది కమిటీ పెద్దలు కారు, తాళం చేతిలో ఉన్న ఆ మహిళ.

వసిష్ఠతీరం (నరసాపురం)

పై సలహాలలోని జాగ్రత్తలన్నీ అంగీకరిస్తూనే, జీతం విషయంలో నా భిన్నాభిప్రాయం తెలియజేస్తున్నాను.

మన గోదావరి తీరంలో అన్నం పెట్టడం వ్యాపారంగా ఎన్నడూ లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా వచ్చినవారందరికీ వండి వడ్డించారు. ఆమె 1909లో కన్నుమూసినా ఇప్పటికీ ఆ పేరు చెప్పుకుంటున్నామంటే ఆ సేవలో ప్రతిఫలం ఊసు లేకపోవడమే కారణం. ఇవాళ్టికీ కార్తీక మాసంలో సమారాధనలకు ఊళ్లో కుర్రవాళ్లందరూ వచ్చి కూరలు తరుగుతారు, వడ్డిస్తారు, విస్తళ్లు తీస్తారు. కూలి తీసుకునేది వంట మేస్త్రి ఒక్కరే.

నా భయం డబ్బు గురించి కాదు. ఒకరికి జీతం ఇవ్వడం మొదలుపెట్టగానే మిగిలిన స్వచ్ఛంద సేవకులు "జీతం తీసుకునేవారు ఉన్నారుగా, వారే చూసుకుంటారు" అని పక్కకు తప్పుకుంటారు. ఏడాది తిరిగేసరికి భారమంతా ఆ ఒక్క మనిషి మీదే పడుతుంది. పని పదిమందికి వంతులవారీగా పంచి, ఆమె ఇంటి కష్టానికి విడిగా సహాయం చేయడం మేలని నాకు తోస్తున్నది.

తులసికోట (అంబాజీపేట)

వసిష్ఠతీరం గారూ, మీ భయం నిజమైనదే, దానికి సమాధానం తరువాత చెబుతాను. ముందు సీతమ్మ గారి మాట తీసుకొచ్చారు కనుక ఆ విషయంలోనే ఒక్కటి విన్నవించుకుంటాను. ఆమె భర్త జోగన్న గారు కలిగిన రైతు. ఆ గాదెలో ధాన్యం ఉంది, ఆ ఇంట్లో రేపటి కూటికి దిగులు లేదు. ఉన్నదంతా పరులకు పెట్టిన ఆ తల్లి గొప్పతనం దీనివల్ల ఇసుమంతైనా తగ్గదు. కానీ మంచాన పడిన భర్తను ఇంట్లో ఉంచి వచ్చి పరుల ఇంటికి బియ్యం తూచి పంపే మనిషిని ఆమెతో పోల్చి, నువ్వూ అలాగే ఉచితంగా చెయ్యమనడం న్యాయం కాదు. 2024లో మన ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజన పథకానికి సీతమ్మ గారి పేరు పెట్టింది. ఆ పథకంలో వంట చేసే మహిళలకు కూడా గౌరవ వేతనం ఉంది. అది చాలదని వారు అడుగుతూనే ఉన్నారు, అడగడం తప్పని నేను అనుకోను.

మా ప్రాంతంలో ఇటువంటి పంపిణీలోనే నేను స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. నాకు పింఛను వస్తుంది కాబట్టి చేయగలుగుతున్నాను. సేవ చేసేవారి సంఖ్య ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. కార్తీకంలో అడగకపోయినా వస్తారు. ఊడ్పుల వేళ, కోతల వేళ ఎవరూ దొరకరు. పరీక్షల కాలంలో కాలేజీ పిల్లలు ఉండరు. విరాళాలూ అంతే. ఆషాఢంలోనూ పుష్యంలోనూ పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మండపాల నుంచి ఏమీ రాదు. నూర్పిళ్లకు ముందు నెలల్లో రైతుల దగ్గర ఇవ్వడానికి ధాన్యమే ఉండదు. పొలం పనులు ఆగిపోయి కూలి దొరకని ఇళ్లలో ఆకలి ఎక్కువగా ఉండేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. ఎవరు వచ్చినా రాకపోయినా తాళం తీసి తూకం ముందు నిలబడే ఒక మనిషి ఉండి తీరాలి, ఆ మనిషికి వేతనం ఉండాలి.

బయటినుంచి చూసేవారికి సంచులు కట్టడమే పనిగా కనిపిస్తుంది. అసలు బరువైన పని నిర్ణయాలు తీసుకోవడం. రాత్రి పదకొండు గంటలకు మండపం నుంచి ఫోను వస్తుంది, రెండు గుండిగల సాంబారు, ఒక గుండిగ పులిహోర మిగిలాయి, వెంటనే తీసుకువెళ్లండి అంటారు. అవి ఎప్పుడు వండినవి, మూత పెట్టి ఉంచారా, విస్తళ్లలో వడ్డించగా మిగిలినవా లేక చెయ్యి పడనివా అని అడిగి తెలుసుకోవాలి. వేడి పదార్థం 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచకపోతే మన ఉక్క వాతావరణంలో తెల్లవారేసరికి పాడైపోతుంది. మిగులు ఆహారం సేకరించి పంచే సంస్థల కోసం కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో ప్రత్యేక నిబంధనలే తెచ్చింది. రిజిస్ట్రేషను, ఎక్కడినుంచి ఏమి వచ్చింది, ఎవరికి వెళ్లింది అన్న రికార్డులు అందులో తప్పనిసరి. అయితే కాగితం మీద ఎన్ని నిబంధనలున్నా ఆ రాత్రి "క్షమించండి, ఇది తీసుకోలేము" అని చెప్పవలసింది ఒక మనిషి. ఎదుటివారు ఊళ్లో పెద్దలు, సంస్థకు దాతలు. జీతం లేని, హోదా లేని ఒక పేద మహిళ వారికి ఆ మాట ఎలా చెప్పగలదు? కాబట్టి జీతంతోపాటు వద్దనే అధికారాన్ని కూడా తీర్మానంలో రాయండి. ఆమె వద్దన్న గుండిగను కమిటీ అధ్యక్షులైనా తిరిగి లోపలికి తెప్పించకూడదు.

గుమ్మం దగ్గర నిలబడే మనిషికి మరో బరువు ఉంది. అడగడానికి సిగ్గుపడేవారు మన ప్రాంతంలో చాలామంది. పంట పోయిన కౌలు రైతు, పిల్లలు గల్ఫులో ఉన్నారని ఊరంతా అనుకునే, నెలల తరబడి డబ్బు అందని వృద్ధ దంపతులు, భర్త పోయి మనవలను సాకుతున్న అమ్మమ్మ, వీరెవరూ వరుసలో నిలబడరు. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగడంలేదో తెలిసిన మనిషి ఆ సంగతి మరొకరికి చెప్పకుండా ఉండాలి. ఆ నమ్మకం వల్లనే వారు మళ్లీ వస్తారు. సంచి అందుకుంటున్నవారిని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మానేయమని మా వద్ద గట్టిగా చెప్పాము. దాతలకు బస్తాల ఫోటోలు, రిజిస్టరు లెక్కలు పంపితే చాలు. ఒకరిద్దరు అలిగారు గాని పని ఆగలేదు.

ఇంకొక మాట కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. మన ఊళ్లలో కమిటీలో కూర్చునేవారు ఒక వీధివారు, బస్తాలు మోసేవారు, సరుకు తీసుకునేవారు వేరే పేటలవారు కావడం తరచుగా చూస్తున్నాము. పేటల నుంచి ఒకరిద్దరినైనా కమిటీలోకి తీసుకోండి, వారిలో ఒకప్పుడు సరుకు అందుకున్నవారు ఉంటే మరీ మంచిది. ఎవరి పేరు జాబితాలో చేర్చాలి, ఎవరిది తీయాలి అన్నది ఒక్కరి చేతిలో ఉండకూడదు, ఆ నింద స్టోరు మహిళ ఒక్కదాని మీద పడకూడదు. ముగ్గురు కలిసి నిర్ణయిస్తే ఆమె కూడా రాత్రి నిశ్చింతగా నిద్రపోతుంది.

ఇప్పుడు వసిష్ఠతీరం గారి భయానికి వస్తాను. జీతం ఉన్నా లేకపోయినా స్వచ్ఛంద సేవకులు తప్పుకునేది తమకు ఏ పని అప్పగించారో తెలియనప్పుడు. సాయంత్రం పూట వచ్చి ఖాళీగా నిలబడి టీ తాగి వెళ్లినవారు మళ్లీ రారు. మా వద్ద జల్లించేవారు, కట్టేవారు, ఇళ్లకు చేర్చేవారు అని పనులు విడదీశాము, ఎవరు ఏ పూట వస్తారో ముందుగానే పుస్తకంలో రాయించుకుంటాము. ఆ పుస్తకం చూసి పిలిచేది జీతం తీసుకునే మనిషే. ఆమె ఉండబట్టే సేవకులు నిలిచారని నా అనుభవం.

లంకవాసి (పి.గన్నవరం మండలం)

వరదల రోజుల గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. మా లంక గ్రామాలకు కాజ్‌వేలే దారి. కనకాయలంక కాజ్‌వే వంటివి నీట మునిగితే పడవలు తప్ప మరో మార్గం ఉండదు. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు, ఎన్నో ఇళ్లలో పొయ్యి మునిగి, ఉన్న బియ్యం తడిసి, పక్క గట్టు మీద బస్తాలున్నా ఇక్కడ తినడానికి లేని పరిస్థితి వచ్చింది.

కాబట్టి జీతం, పనివేళలు నిర్ణయించేటప్పుడు వరద రోజులకు ప్రత్యేకంగా ఒక ఏర్పాటు రాసుకోండి. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 వద్ద రెండవది, 17.75 వద్ద మూడవది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వచ్చినప్పుడే అటుకులు, బిస్కెట్లు, తాగునీరు, కొవ్వొత్తులు లంకల్లోని ఎత్తైన ఇళ్లకు చేరిస్తే, తరువాత ప్రాణాలకు తెగించి పడవలో వెళ్లవలసిన అవసరం తగ్గుతుంది. పొయ్యి లేనిచోట బియ్యం పంపి ప్రయోజనం లేదు. పడవ ఎక్కేవారికి లైఫ్ జాకెట్లు ఉండాలి. స్టోరు మహిళనో ఆటో డ్రైవరునో "ఒక్కసారి వెళ్లి రా" అని పంపే హక్కు కమిటీకి లేదని ముందే రాసిపెట్టుకోవాలి. ఆ పని విపత్తు దళాలది, నది తెలిసిన పడవవారిది.

మరొక ముఖ్యమైన విషయం. వర్షాకాలంలో బియ్యానికి ముక్కపురుగు పడుతుంది. దానికి కొందరు మూసిన గదిలో విష వాయువు వెలువడే బిళ్లలు పెడుతుంటారు. మనుషులు పనిచేసే గదిలో అవి ప్రాణాంతకం. బస్తాలను గోడకు ఆనించకుండా చెక్క బల్లల మీద పేర్చడం, ముందు వచ్చినవి ముందు పంపడం, తేమ ఎక్కువ ఉన్న బియ్యాన్ని అసలు తీసుకోకపోవడం మంచి పద్ధతి. మందు పెట్టక తప్పదంటే అనుమతి ఉన్నవారిని పిలిచి, వారు చెప్పినంత కాలం ఆమెను లోపలికి వెళ్లనివ్వకండి.

గౌతమిగట్టు (కొత్తపేట)

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను కమిటీ సభ్యులందరికీ చదివి వినిపించాను. మిల్లు యజమాని గారు జీతాల నిధికి తన వంతు విడిగా ఇస్తానని అప్పటికప్పుడే అన్నారు. వద్దన్నవారిలో ఇద్దరు మెత్తబడ్డారు. ఒకరు ఇంకా ఒప్పుకోలేదు గాని, ఆయన అభ్యంతరాన్ని కూడా మినిట్సులో రాయాలని నిర్ణయించాము.

పేటల నుంచి ఇద్దరిని కమిటీలోకి తీసుకునే ప్రతిపాదన వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాము. జీతం, పనిగంటలు, వద్దనే అధికారం, వరద రోజుల ఏర్పాటు, బీమా ఒకే తీర్మానంలో వస్తాయి. ఆ ముసాయిదాను సమావేశానికి ముందే ఆమెకు చూపించి, ఏ వేళలు ఆమెకు వీలవుతాయో, ఇంట్లో భర్తను చూసుకోవడానికి ఎంత సమయం కావాలో అడగబోతున్నాము. ఇక మిగిలిన సందేహం ఒక్కటే. ఆమెకు జ్వరం వచ్చినా, ఊరికి వెళ్లవలసి వచ్చినా తాళం ఎవరి వద్ద ఉండాలి?

తులసికోట (అంబాజీపేట)

సంతోషమండీ. తాళాలు రెండు చేయించండి. రెండవది కమిటీ అధ్యక్షుల వద్ద వద్దు, స్టోరుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న, రిజిస్టరు రాయడం నేర్చుకున్న మరో మనిషి వద్ద ఉంచండి. ఆ రెండవ మనిషి నెలలో కొన్ని రోజులు ఆమె పక్కనే కూర్చుని తూకం, రాత, ఇళ్ల వివరాలు నేర్చుకోవాలి. ఆ రోజులకు ఆ మనిషికి కూడా కూలి కట్టి ఇవ్వండి. నెల చివర సరుకు నిల్వను రిజిస్టరుతో సరిచూసేది మాత్రం ఈ ఇద్దరూ కాకుండా మూడవ మనిషి కావాలి. అప్పుడు ఒక కిలో తగ్గినా ఎవరూ ఎవరినీ అనుమానించవలసిన అవసరం ఉండదు.